ట్యాంక్ మూత దగ్గర మొదలుపెట్టిన ఉస్తాద్

మా పాత కారు పెట్రోల్ జబ్బు కుదిర్చిన నల్గొండ మెకానిక్ ఉస్తాద్ గురించి చెబుతాను. మా బండి 1996 మారుతి ఎస్టీమ్ కారు. ఏపీ 24 నంబరు, కార్బొరేటర్ (గాలినీ పెట్రోల్‌నూ కలిపి ఇంజన్‌కు అందించే భాగం) మోడల్. నాన్న బత్తాయి వ్యాపారం చేసే రోజుల్లో కొన్నారు. చీకటితోనే నల్గొండలో బయల్దేరి కొత్తపేట పండ్ల మార్కెట్‌కు వెళ్లి, పాట అయిపోగానే తిరిగొచ్చి, పదకొండుకల్లా ఇంట్లో అన్నం ముందు కూర్చునేవారు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆయన దగ్గరే కాబట్టి యాక్సిలరేటర్ మీద నాకూ కాలు నిలవదు. బడిలో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరమ్మ ఇలా నడుపుతుందేమిటని హాలియా రోడ్డులో ఆటోవాళ్లు అనుకోవడం నా చెవిన పడింది.

ఎస్టీమ్ 1994లో వచ్చినప్పుడు 1298 సీసీ, 65 హార్స్‌పవర్. ఇప్పటి పిల్లలకు ఆ అంకె చెబితే నవ్వుతారు. కానీ బండి బరువు 900 కిలోల లోపే. అందుకే ఆ రోజుల్లో కారు ర్యాలీ పోటీలకు వెళ్లేవాళ్లు దాని వెంట పడ్డారు. దీనికి తోడు 2008లో మా తమ్ముడు ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించాడు. శబ్దం బాగా పెరిగింది. గాలి ఎక్కువ లాగే ఏర్పాటు చేశాడు గానీ దానికి తగ్గ పెట్రోల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వాడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు, బండి నాకు మిగిలింది.

రెండేళ్లుగా రెండు బాధలు. మూడో గేరులో 90 దాటి ఇంకా తొక్కితే ఎవరో వెనక నుంచి తాడు పట్టి గుంజినట్టు అయ్యేది. కాలు తీసి ఒక్క క్షణం ఆగితే మళ్లీ అందుకునేది. రెండోది ఎండాకాలం జబ్బు. మధ్యాహ్నం ఎక్కడైనా పావుగంట ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. నాన్న దగ్గర దీనికి తడి తువ్వాల వైద్యం ఉండేది. బానెట్ ఎత్తి, ఇంజన్ హెడ్డుకు బిగించిన పెట్రోల్ పంపు మీద తడి తువ్వాల వేసి, చెట్టు కింద పది నిమిషాలు కూర్చుంటే స్టార్ట్ అయ్యేది. నేను బడికి లేటుగా వెళ్తే హెడ్ మాస్టరు గారికి తువ్వాల కథ చెప్పలేను కదా.

ఈ రెండేళ్లలో ముగ్గురు మెకానిక్‌లకు చూపించాను. ముగ్గురూ కార్బొరేటరే విప్పారు, కడిగారు, బిగించారు, డబ్బులు తీసుకున్నారు. వారం బాగుండేది. హైదరాబాద్‌లో ఒకాయన కార్బొరేటర్ తీసేసి, కంప్యూటరు లెక్కతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్‌లోకి మొత్తం మార్చేద్దామన్నాడు. 1999 తర్వాత వచ్చిన 16 వాల్వుల, 85 హార్స్‌పవర్ ఎంపీఎఫ్ఐ ఇంజన్, కంప్యూటరు, వైరింగు, ట్యాంకులో హై ప్రెషర్ పంపు, అన్నీ కలిపి 85 వేలు. పైగా ఇంజన్ మారితే ఆర్‌సీలో నంబరు ఎక్కించుకోవాలి. మాది 15 ఏళ్లు ఎప్పుడో దాటి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటున్న బండి. ఆర్టీఏ ఆఫీసులో ఇంకో ఫైలు తెరిచే ఓపిక నాకు లేదు.

చివరికి మా వీధిలో డీజిల్ పంపుల పని చేసే అన్న ఈ ఉస్తాద్ గురించి చెప్పాడు. హైదరాబాద్ రోడ్డులో, ఊరు దాటే చోట, వేపచెట్టు కింద రేకుల షెడ్డు. బోర్డు లేదు. వయసు అరవై పైనే. ఒక చెవికి వినపడదు, ఆ వైపు నిలబడి మాట్లాడితే మన మీదే విసుక్కుంటారు.

ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు పెట్రోల్ ట్యాంక్ మూత తీయమన్నారు. తీశాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. ఆయన నా వైపు చూసి, "చూసినవా టీచరమ్మా, ట్యాంక్‌కు ఊపిరాడ్తలేదు" అన్నారు. ట్యాంకులో పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. ఆ గాలి వచ్చే సన్నటి పైపు మూతిలో కందిరీగ మట్టి గూడు కట్టుకుంది. ఒక సైకిల్ పుల్లతో గీకితే ఎర్రమట్టి రాలింది. ముగ్గురు మెకానిక్‌లకు రెండేళ్లలో కనపడనిది ఈయనకు ఒక చప్పుడుతో దొరికింది. నాకు పట్టలేని కోపం వచ్చింది, ముఖ్యంగా నా మీదే. డబ్బాకు ఒకే బొక్క పెడితే నూనె సరిగ్గా పడదు, రెండో బొక్క కావాలని ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా చెప్పేదాన్ని నేనే.

అది ఒక్కటే అయితే సైకిల్ పుల్ల ఖర్చుతో ఇంటికి వచ్చేసేదాన్ని. ఆయన అక్కడ ఆగలేదు. కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి, దానికి తెల్లటి పారదర్శక గొట్టం తగిలించి, చివర నీళ్ల బాటిల్‌లో పెట్టి, షెడ్డులో పనిచేసే కుర్రాడు చోటూతో సెల్ఫ్ కొట్టించారు. గొట్టంలో పెట్రోల్ ముద్దలు ముద్దలుగా వచ్చింది. ముద్దకూ ముద్దకూ మధ్య గాలి బుడగలు. బయట ఎక్కడా చుక్క కారడం లేదు కదా, బుడగ ఎక్కడిదని అడిగాను. "కారకుంటే మంచిగున్నట్టు కాదమ్మా. పంపు ముందుంది, ట్యాంకు ఎనుకుంది. మధ్యల పైపు పగిలితే పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపటికి గుంజుకుంటది" అన్నారు.

బండి ఎత్తి, ట్యాంక్ దగ్గర ఇనుప పైపుకు కలిపిన జానెడు రబ్బరు పైపు తీశారు. పైకి నల్లగా, గట్టిగా, బాగానే ఉంది. బ్లేడుతో నిలువునా చీల్చి నా చేతిలో పెట్టారు. లోపలి పొర నానిన మినప్పొట్టులా ఊడి వేలాడుతోంది. మెల్లగా నడిపితే ఆ పొట్టు పక్కకు ఒదిగి ఉంటుంది. గట్టిగా తొక్కితే పెట్రోల్ వేగానికి లేచి దారికి అడ్డం పడుతుంది. కాలు తీస్తే మళ్లీ ఒదుగుతుంది. 90 దగ్గర తాడు పట్టి గుంజింది ఇదే. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది, పదో తరగతి పిల్లలకు చూపించాను.

పాత బండ్లు ఉన్నవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1996లో తయారైన బండి పైపుల రబ్బరు దాని కోసం చేసింది కాదు. ఇథనాల్ ఆ రబ్బరును ఉబ్బిస్తుంది, పొరలు విడదీస్తుంది. గాల్లోని తేమను కూడా లాక్కుంటుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. మా ట్యాంకు దింపి వంచితే అడుగు నుంచి చాయ్ డికాక్షన్ రంగు నీళ్లు పావు గ్లాసు వచ్చాయి, వెంట తుప్పు పొట్టు.

ట్యాంకు శుభ్రం చేసిన తీరు చూడముచ్చటగా ఉంది. ముందు నిండా నీళ్లు పోసి ఒక రోజు వదిలేశారు, ఆవిరి మిగిలితే ప్రమాదమని. తర్వాత లోపల ఒక సన్నటి గొలుసు, సర్ఫు నీళ్లు వేసి, ఆయనా చోటూ చెరో వైపు పట్టుకుని పసిపిల్లను ఊపినట్టు అరగంట ఊపారు. తర్వాత తుప్పు వదిలే యాసిడ్, మళ్లీ నీళ్లు, రెండు రోజులు మే నెల ఎండ. నల్గొండ ఎండ మనిషికి ఎంత పగో ట్యాంకుకు అంత మేలు.

ఇక పంపు. పాత మెకానికల్ పంపు హెడ్డు మీద ఉండి క్యామ్‌షాఫ్ట్ తోసే మీటతో పనిచేస్తుంది. లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర ఉంటుంది. అది చిల్లు పడితే పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఉస్తాద్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి వాసన చూశారు, నన్నూ చూడమన్నారు. పెట్రోల్ వాసన వచ్చింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయేవట. అక్కడే ఎలక్ట్రిక్ పంపు పెట్టాలని నిర్ణయమైంది.

అది ఎందుకు మేలో నా పద్ధతిలో చెబుతాను. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. ఒత్తిడి తగ్గిస్తే ముందే మరుగుతాయి. ముందున్న పంపు వెనకున్న పెట్రోల్‌ను పీలుస్తుంటే పైపులో ఒత్తిడి తగ్గుతుంది. పైగా అది కాలుతున్న ఇంజన్ మీదే కూర్చుని ఉంది. అందుకే మేలో పెట్రోల్ పైపులోనే ఆవిరై పంపుకు చిక్కకుండా పోతుంది. పంపును వెనక ట్యాంకు దగ్గర పెట్టి ముందుకు తోయిస్తే పైపంతా ఒత్తిడి ఉంటుంది, ఆవిరి పుట్టడం కష్టం. నాన్న తువ్వాల వైద్యానికి సైన్సు ఇదే.

ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. ఉస్తాద్ రాణిగంజ్ నుంచి తెప్పిస్తానంటే, రెండు రోజులు ఆగలేక ఆన్‌లైన్‌లో 1,100 పెట్టి ఒక పంపు కొన్నాను. ఫొటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. కార్బొరేటర్‌కు కావలసింది మూడు, మూడున్నర పీఎస్ఐ ఒత్తిడి. ఇంజెక్షన్ బండ్లకైతే అంతకు పది రెట్ల పైమాటే. నేను కొన్నది కార్బొరేటర్‌దేనని రాశారు గానీ గేజి పెడితే ఏడు చూపించింది. స్టార్ట్ చేసిన నిమిషంలో కార్బొరేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ సూదిని తోసుకుని పెట్రోల్ పొంగి కార్బొరేటర్ మీద నుంచి ఇన్‌టేక్ మీదికి కారింది. చోటూ పరుగున వెళ్లి బ్యాటరీ వైరు పీకాడు. ఉస్తాద్ నన్ను ఒక్క మాట అనలేదు, చాయ్ చెప్పారు. ఆ పంపును ఇప్పుడు మా పెరట్లో కూలర్‌కు నీళ్లు తోడడానికి వాడదామా అని మా ఆయన అడుగుతున్నారు.

తర్వాత ఆయన తెప్పించిన పంపు 2,800, దానికి ఒత్తిడిని అదుపు చేసే, రిటర్న్ దారి ఉన్న రెగ్యులేటర్ 1,400. ఎస్టీమ్‌కు ముందే ట్యాంకుకు వెనక్కి వెళ్లే పైపు ఉంది కాబట్టి దాన్నే వాడుకున్నారు. మిగిలిన పెట్రోల్ కార్బొరేటర్ దగ్గర నిలబడి వేడెక్కకుండా తిరిగి ట్యాంకులోకి పోతూ ఉంటుంది. పైపులు మొత్తం ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉన్నవే వేయమన్నాను. వాటి లోపలి పొర ఇథనాల్‌కు తట్టుకుంటుంది. మీటరు 380, ఆరు మీటర్లు పట్టింది. మెకానికల్ పంపు తీసిన చోట అల్యూమినియం పలక కోసి, గాస్కెట్ పెట్టి మూసేశారు. అంచులు ఆకురాయితో అంత నున్నగా రాసి పెడతారని నేననుకోలేదు.

ట్యూనింగ్ రోజు మాత్రం నేను బడికి సెలవు పెట్టి కూర్చున్నాను. పెట్రోల్ ఒక పాలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే అది దాదాపు 13.5కి దిగుతుంది. అంటే అదే గాలికి ఎక్కువ పెట్రోల్ పోయాలి. తమ్ముడి ఫిల్టర్, సైలెన్సర్ పుణ్యమా అని ముందే గాలి ఎక్కువ. ఉస్తాద్ స్పార్క్ ప్లగ్గులు విప్పి వరుసగా పెట్టారు, నాలుగూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదు. ఆయన దగ్గర పాన్ డబ్బాలో పాత జెట్లు ఉన్నాయి, పదుల్లో. కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కలవి. భూతద్దం పెట్టి నంబరు చదివి, మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది ఎక్కించారు. డ్రిల్లు పెట్టి పెద్దది చేస్తే సరిపోదా అని అడిగాను. "పెద్దగ ఎవడైనా చేస్తడు. మళ్ల చిన్నగ చెయ్యమను" అన్నారు. నన్ను నడపమని పక్కన కూర్చున్నారు. నార్కట్‌పల్లి వైపు మూడో గేరులో గట్టిగా తొక్కించి, ఒక్కసారిగా ఇంజన్ ఆపించి, రోడ్డు పక్కనే ప్లగ్గు విప్పారు. ఇంకా తెలుపే. ఇంకో సైజు. మూడోసారికి ప్లగ్గు మూతి బిస్కెట్ రంగుకు వచ్చింది. ఇంటికి పోదామన్నారు.

ఇంత పొగిడాక గొడవపడ్డ సంగతి కూడా చెప్పాలి. పంపు వైరును ఆయన నేరుగా తాళం లైనుకు కలిపేశారు. అంటే తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ, ఇంజన్ ఆగినా, బండి బోల్తా పడినా, పంపు పెట్రోల్ తోస్తూనే ఉంటుంది. పైపు తెగితే నిప్పు మీద పోసినట్టే. నేను ఒప్పుకోనన్నాను. ఆయనకు నచ్చలేదు, ముప్పై ఏళ్లుగా ఇట్లనే ఇస్తున్న అన్నారు. చివరికి పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్ తమ్ముడిని పిలిపించి విడిగా ఫ్యూజు, రిలే (పంపు కరెంటును కలిపే, తెంచే స్విచ్), ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెట్టించాను. ఇంజన్ తిరుగుతూ ఆయిల్ ప్రెషర్ ఉంటేనే పంపు తిరుగుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం స్టార్టర్ లైను నుంచి కరెంటు తీసుకుంటుంది. దీనికి 900 అయింది. పని అయ్యాక ఉస్తాద్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, చోటూను కూడా చూడమన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

క్లిప్పులదీ అదే కథ. ఆయన వాడే మామూలు స్క్రూ క్లిప్పులకు మధ్యలో గాట్లు ఉంటాయి. గట్టిగా బిగిస్తే ఆ గాట్లు రబ్బరును కోస్తాయి. అంత ఖరీదైన పైపు పెట్టి పది రూపాయల క్లిప్పుతో కోయడం నాకు నచ్చలేదు. లోపలి వైపు నున్నగా ఉండేవి నేనే కొని ఇచ్చాను. ఇంకా, మూడు రోజులన్న పని పదకొండు రోజులు పట్టింది. ఫోన్ ఎత్తరు. బిల్లు ఇవ్వరు, సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క రాసి ఇచ్చారు. ట్యాంకు శుభ్రానికి 1,500, మజూరీ 6,000, కార్బొరేటర్ కిట్టు, ఫిల్టర్లు అన్నీ కలిపి 16,670. నా ఆన్‌లైన్ తెలివికి ఇంకో 1,100.

అసలు పరీక్ష శ్రీశైలం. మే రెండో ఆదివారం చీకటితో బయల్దేరి, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరాం. అడవి గేటు ఆరింటికి తీస్తారు, అప్పటికి ముందు నాలుగైదు బండ్లు ఉన్నాయి. వెళ్లేటప్పుడు చల్లగానే ఉంది కాబట్టి దాన్ని పరీక్ష కింద లెక్కపెట్టను. తిరుగు ప్రయాణంలో కృష్ణ మీద వంతెన దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నర. ఏసీ వేసి, నలుగురం, డిక్కీలో అమ్మ కొన్న ఇత్తడి సామాను. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. ఈగలపెంట దాటాక కావాలనే బండి ఆపి ఇంజన్ బంద్ చేశాను. నీడ లేని చోటే చూసి ఆపాను. ఇరవై నిమిషాలు. కోతులు బానెట్ ఎక్కి కాళ్లు కాలి దిగిపోయాయి. అమ్మ అలవాటుగా సంచిలోంచి తువ్వాల తీసి నీళ్ల బాటిల్ కోసం చూస్తోంది. తాళం తిప్పాను. వెనక నుంచి పంపు టిక్‌టిక్‌మంది, ఇంజన్ ఒక్క చుట్టుకే అందుకుంది. అమ్మ ఆ తువ్వాలతో మొహం తుడుచుకుంది.

హార్స్‌పవర్ పెరిగిందా అంటే పెరగలేదు, 65 ఉన్న చోట 65 మళ్లీ వచ్చి ఉంటాయి, అంతే. మూడో గేరులో ఇప్పుడు తాడు లేదు. మైలేజీ పదకొండు నుంచి పదమూడున్నరకు వచ్చింది. ఇంకా రావాలని నాకు ఆశ ఉంది గానీ ఇథనాల్‌లో శక్తే పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, పాత లెక్క రాదు. నిండా ట్యాంకు పోయించినప్పుడు వెనక సీట్లో కొంచెం పెట్రోల్ వాసన ఇప్పటికీ వస్తోంది. మూత వాషర్ మార్చాలట, అది దొరకడం లేదు.

వెళ్లదలచినవాళ్లు మధ్యాహ్నం నమాజు వేళ కాకుండా వెళ్లండి. ఎడమ చెవి వైపు నిలబడి మాట్లాడండి. క్లిప్పులు, రిలే మీరే కొని తీసుకెళ్లండి. మీ బండి పాత రబ్బరు పైపు చీల్చి చూపించమని అడిగితే ఆయన సంతోషంగా చూపిస్తారు.